సముద్రపు తేళ్ళు మన తేళ్ళకు తాతలేనా? వాటికి కొండి ఉండేదా?

ఇద్దరు పిల్లల తండ్రి:

మా చిన్నది నాలుగో తరగతి. వారం రోజులుగా ఇంట్లో ఎప్పుడో అంతరించిపోయిన సముద్రపు తేళ్ళు తప్ప మరో మాట లేదు. ఎక్కడో బొమ్మ చూసింది. చూసి తనూ ఒకటి గీసి నా బల్ల ఎదుట గోడకు అంటించింది. నీళ్ళ అడుగున మనిషికంటే పొడవైన నల్ల తేలు, ముందు రెండు డెక్కలు, వెనక గొడుగు పిడిలా వంకర తిరిగిన తోక, దాని చివర ఎర్రటి కొండి. పక్కన గుడ్లు తేలేసిన చేప ఒకటి.

"నాన్నా, అది కుడితే చేప చచ్చిపోతుందా?" అని అడిగింది. చచ్చిపోతుందన్నాను. ముందు జవాబు చెప్పి తర్వాత ఆలోచించడం నాకు అలవాటు. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటూ, నోటి నిండా నురగతోనే మళ్ళీ మొదలుపెట్టింది. "నీళ్ళలో చెయ్యి విసిరితే మెల్లగా కదులుతుంది కదా, మరి అది తోకను అంత జోరుగా ఎలా విసిరేది?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆఫీసుకు ఆలస్యమవుతోందని తప్పించుకున్నాను.

ఇక్కడ తెలిసినవాళ్ళు ఉంటారని అడుగుతున్నాను. ఇవి మన తేళ్ళకు పూర్వీకులేనా? విషం ఉండేదా? రెండున్నర మీటర్ల తేలు ఉండేదని చదివాను, అది నిజమా, లేక ఎవరో పెంచి రాసిందా? నిజమైతే ఇప్పటి తేళ్ళు ఎందుకింత చిన్నవి? దయచేసి పిల్లకు చెప్పగలిగేలా చెప్పండి. నాకు అర్థమైతే దానికీ అర్థమవుతుంది.


గులకరాయి:

చాలా తేలిక. సముద్రపు తేళ్ళు నెమ్మదిగా ఒడ్డెక్కి నేల తేళ్ళయ్యాయి. అప్పట్లో గాలిలో ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి అంత పెద్దగా పెరిగాయి, తర్వాత అది తగ్గింది, ఇవీ చిన్నబోయాయి. తేలన్నాక విషం ఉండకుండా ఎలా ఉంటుంది?


మైనపు పళ్ళెం:

గులకరాయి గారూ, మీరు చెప్పినదే నేనూ చాలా ఏళ్ళు తరగతిలో చెప్పాను. అందుకే మీమీద కోపం లేదు. ఆ పేరు మీద మాత్రం ఉంది. "సముద్రపు తేలు" అని పేరు పెట్టి ఊరుకున్నారు, అది తేలు కాదు, దానిలో చాలా రకాలు సముద్రంలోనూ లేవు. ఏటి నోళ్ళలో, ఉప్పు తగ్గిన కయ్యల్లో, మంచినీళ్ళలో బతికినవి బోలెడు. శాస్త్రంలో వీటిని యూరిప్టెరిడ్లు అంటారు. నేనూ అలాగే అంటాను, పలకడానికి నోరు తిరగకపోయినా సరే.

నేను ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పాను. ప్రాక్టికల్స్‌లో ఫార్మలిన్ సీసాలోంచి తేలును తీసి, మైనం పోసిన పళ్ళెంలో పరిచి, గుండుసూదులు గుచ్చి పిల్లల ముందు పెట్టేవాళ్ళం. ఏ ఏడు చూసినా మొదటి ప్రశ్నకే తొంభై పాళ్ళ మంది తప్పు చెప్పేవారు. "తేలుకు ఎన్ని కాళ్ళు?" అంటే "పది" అనేవారు, డెక్కల్ని కూడా కలిపేసి. కాళ్ళు ఎనిమిదే. డెక్కలు వేరే జత, వాటిని పెడిపాల్ప్‌లు అంటారు. మరో జత కూడా ఉంది, దాన్ని ఎవరూ చూడరు. భూతద్దం తీసుకుని నోటి దగ్గర చూస్తే, అగ్గిపుల్ల తలంత రెండు చిన్న పటకార్లు కనిపిస్తాయి. అవి కెలిసెరాలు. తేలు తన వేటను నమిలేది వాటితోనే. అంటే మొత్తం ఆరు జతలు: నోటి పటకార్లు ఒక జత, డెక్కలు ఒక జత, కాళ్ళు నాలుగు జతలు.

యూరిప్టెరిడ్‌కూ ఆరు జతలే. మీ అమ్మాయి గీసిన బొమ్మలోని తేడా అంతా ఇక్కడే ఉంది. ఆ భయంకరమైన పెద్ద డెక్కలు ఉన్నాయే, టెరిగోటిడ్లు అనే కుటుంబానివి, అవి తేలు డెక్కలతో సమానం కావు. అవి తేలు నోటి దగ్గర అగ్గిపుల్ల తలంత ఉండే ఆ పటకార్లే, అంత పొడవుగా సాగాయి. చూడటానికి రెండూ డెక్కలే, శరీరంలో మాత్రం వేర్వేరు చోట్ల పుట్టినవి. ఒకరు చేత్తో పట్టుకున్నారు, ఇంకొకరు నోటితో పట్టుకున్నారు, పట్టుకోవడం ఒకటే కదా అని ఇద్దరినీ అన్నదమ్ములంటే ఎలా? ఇక చివరి కాళ్ళ జత చాలా రకాల్లో తెడ్డులా వెడల్పై ఉంటుంది, అది ఈతకు. యూరిప్టెరస్ అనే పేరుకు అర్థమే వెడల్పు రెక్క. తేలుకు తెడ్డు లేదు.

అసలు ఈ జీవిని మొదట చూసినవాళ్ళకు తేలు గుర్తుకే రాలేదు. 1818లో శామ్యూల్ మిచిల్ అనే ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో దొరికిన శిలాజాన్ని చూసి ఇది మీసాల చేప, అంటే జెల్ల లాంటిది, అని రాశాడు. ముందు కాళ్ళు మీసాల్లా కనిపించాయి పాపం. 1825లో జేమ్స్ డికే దాన్ని కాళ్ళకు కీళ్ళున్న జీవుల్లో చేర్చి యూరిప్టెరస్ రెమిపెస్ అని పేరు పెట్టాడు. 1984 నుంచి అది న్యూయార్క్ రాష్ట్ర అధికారిక శిలాజం. స్కాట్లాండ్‌లో రాతి గనుల్లో పనిచేసేవాళ్ళు మాత్రం టెరిగోటస్ పెంకు ముక్కల్ని చూసి, పైనున్న ఈకల్లాంటి గీతల వల్ల, దేవదూతల రెక్కలని పిలుచుకునేవారట. నాకు ఆ పేరే ఇష్టం.

ఇప్పుడు వంశం సంగతి. శరీరాన్ని లెక్కపెడితే యూరిప్టెరిడ్ తేలుకు చాలా దగ్గరగా కనిపిస్తుంది. తల వెనక పన్నెండు ఖండాలు, అందులో వెడల్పువి ఏడు, సన్నవి ఐదు, ఆ చివర తోకముల్లు. తేలుకూ సరిగ్గా అంతే. ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద పెద్దవాళ్ళు వీటిని తేళ్ళ పూర్వీకులనడానికి కారణం అదే. కానీ 2017లో తేలు, సాలీడు జన్యువుల్ని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు రెండింటిలోనూ ఒకే పాత ఘటన కనిపించింది: వాటి ఉమ్మడి పూర్వీకుడిలో జన్యుసంపద మొత్తం ఒకసారి రెట్టింపైంది. అదే సాలీడు చుట్టాలైన పిడుదులకు, పొడుగు కాళ్ళ హార్వెస్ట్‌మెన్ అనే జీవులకు లేదు. అంటే తేలు సాలీడు ఇంటి మనిషి. యూరిప్టెరిడ్ అంతకంటే ముందే విడిపోయిన పాలివాడు. తాత కాదు, తాత గారి అన్నదమ్ముల వైపు చుట్టం.

మరి పన్నెండు ఖండాల పోలిక ఎక్కడిది అంటే, ఉమ్మడి పెద్దల నుంచి వచ్చిన పాత ఆస్తి అనుకోండి. తేలు దాన్ని దాచుకుంది, సాలీడు అమ్మేసుకుంది.

విషం గురించి రేపు రాస్తాను, కళ్ళు నొప్పెడుతున్నాయి. ఈలోగా ఒక చిన్న పని చెప్పండి మీ అమ్మాయికి. తేలు తోక ఎక్కడ మొదలవుతుందో చూపించమనండి. నా విద్యార్థులు చాలా మంది అందులోనూ దెబ్బతినేవారు. తేలు పేగు ఆ సన్నటి ఐదు ఖండాల గుండా చివరిదాకా పోతుంది, మలద్వారం కొండికి కాస్త ముందు ఉంటుంది. మనం తోక అనేది తోక కాదు, పొట్ట సన్నబడిన భాగం. ఇది చెబితే నాలుగో తరగతి పిల్లలకు బాగా నచ్చుతుంది, నాది పూచీ.


ఇద్దరు పిల్లల తండ్రి:

నచ్చడం కాదు, స్కూలంతా చెప్పి వచ్చింది. టీచరు గారు నాకు ఫోను చేస్తారేమోనని చూస్తున్నాను. కానీ ఒక అనుమానం. కెలిసెరా, పెడిపాల్ప్ అని మీరు తేడా చెప్పారు, రాయిలో ముక్కలు ముక్కలుగా దొరికినదాన్ని చూసి ఇది ఫలానా జత అని ఎలా చెబుతారు? రెండున్నర మీటర్లు కూడా ముక్క చూసి చెప్పిన లెక్కేనా?


ఇంకు మరక:

దీనికి నేను జవాబు చెప్పాలి. ఎందుకంటే మీ అమ్మాయి చూసిన బొమ్మ నేను గీసిందే కావచ్చు. నేను పాత జీవుల బొమ్మలు గీసి బతికేవాణ్ణి. ఏళ్ళ కిందట ఒక పిల్లల పత్రికకు సరిగ్గా అదే గీశాను: నల్ల రంగు, పైకెత్తిన తోక, చివర ఎర్రటి చుక్క. మొదట తోకను చదునుగా గీసి పంపాను. "ఇది తేలులా లేదు, పీతలా ఉంది, తోక పైకెత్తండి" అని తిప్పి పంపారు. ఎత్తాను. డబ్బు తీసుకున్నాను. అప్పటినుంచి ఆ బొమ్మ ఎక్కడెక్కడో తిరుగుతోంది, చూసినప్పుడల్లా తేలు కుట్టిన దొంగలా ఉంటుంది నా పరిస్థితి.

ముందు రెండున్నర మీటర్ల సంగతి. అది ముక్క చూసి వేసిన లెక్కే, అయినా గాలి లెక్క కాదు. జర్మనీలో ప్రూమ్ పట్టణం దగ్గర విల్‌వెరాట్ అనే చోట ఒక రాతి గని ఉంది. మార్కుస్ పోష్‌మన్ అక్కడ ఉలి, సుత్తి పట్టుకుని రాతి పలకలు విడదీస్తుంటే ఒక దాని మీద నల్లటి మరక కనబడింది. అది ఒక డెక్క. ముక్కలైపోయింది. ఒక్కొక్క ముక్కనూ శుభ్రం చేసి, జిగురుతో అతికించి, చుట్టూ ప్లాస్టర్ పోసి నిలబెట్టాడు. పగిలిపోయిన కొన కూడా కలుపుకుంటే డెక్క పొడవు సుమారు 46 సెంటీమీటర్లు. మీ మోచేతి నుంచి వేలి కొన దాకా కొలుచుకోండి, దాదాపు అంత. 2007లో సైమన్ బ్రాడీ, ఎరిక్ టెట్లీతో కలిసి దాన్ని ప్రకటించారు. జీవి పేరు యేకెలోప్టెరస్ రెనానియే, వయసు సుమారు 39 కోట్ల ఏళ్ళు. దాని దగ్గరి చుట్టాలు ఒళ్ళంతా కలిసి దొరికినవి ఉన్నాయి, వాటిలో డెక్క పొడవుకూ ఒంటి పొడవుకూ ఉన్న నిష్పత్తి తెలుసు. ఆ లెక్కన ఈ డెక్క ఆసామి 2.3 నుంచి 2.6 మీటర్ల మధ్య వస్తాడు. డెక్కలు ముందుకు చాపితే ఇంకా ఎక్కువ, ఆ లెక్కలో అవి లేవు.

ఏ జత అన్నది ఎలా తెలుసు అంటే, అదృష్టం. యూరిప్టెరిడ్లు పెరిగేటప్పుడు కుబుసం విడిచేవి, మనకు దొరికే వాటిలో చాలా భాగం ఆ విడిచిన పెంకులే. ఎస్టోనియాలోని సారెమా దీవిలో దొరికినవి ఎంత చక్కగా నిలిచాయంటే, 1898లో గెర్‌హార్డ్ హోమ్ రాయిని ఆమ్లంలో కరిగించేసి పెంకును మాత్రం బయటికి తీశాడు. ఆ పెంకు ఎండిన ఉల్లిపొరలా పలచగా, లేత గోధుమ రంగులో, వెలుతురుకు అడ్డం పెడితే అవతల కనబడేలా ఉంటుంది. కాళ్ళ మీది నూగు కూడా కనిపిస్తుంది. బొమ్మలు గీసేవాడికి అంతకంటే ఏం కావాలి? ఏ కాలు ఎక్కడ అతుకుతుందో అందులో ఒక్కొక్కటీ చూసి గీయవచ్చు. నేను మొదటే అది చూసి ఉంటే తోక ఎత్తేవాణ్ణి కాదు.

ఇక నీళ్ళలో తోక విసరడం గురించి మీ అమ్మాయి ప్రశ్న. ఆ పిల్లకు నా నమస్కారం చెప్పండి. 2017లో స్కాట్ పర్సన్స్, జాన్ ఏకర్న్ అనే ఇద్దరు ఇదే ప్రశ్నతో ఒక వ్యాసం రాశారు. స్లిమోనియా అనే రకానికి తోక చివర వెడల్పుగా చదునుగా ఉండి, ఆ కొసన రంపపు పళ్ళున్న ముల్లు ఉంటుంది. స్కాట్లాండ్‌లో దొరికిన ఒక నమూనాలో తోక బాగా పక్కకు వంగి ఉంది. ఆ వెడల్పు తోకను పైకీ కిందికీ విసిరితే నీరు అడ్డుపడుతుంది, వంటికి నెట్టుడు వస్తుంది తప్ప దెబ్బ పడదు. అదే పక్కకు విసిరితే అంచు నీళ్ళను కోసుకుంటూ పోతుంది. ఒక అట్టముక్కను నీళ్ళ తొట్టిలో పలకలా తోసి చూడమనండి, తర్వాత అంచు ముందుకు పెట్టి తోయమనండి, చేతికే తెలుస్తుంది. అందుకని అది పైనుంచి కుట్టేది కాదు, పక్కనుంచి రంపంలా కోసేదని వారి వాదం. నా మట్టుకు పూర్తిగా నమ్మకం కలగలేదు. ఆ నమూనా విడిచేసిన కుబుసమైతే, తోక వంపు బతికున్నప్పటిదో, ప్రవాహానికి వంగిందో చెప్పడం కష్టం. కానీ పైకెత్తిన తోక కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

డెక్కలూ మనం అనుకున్నంత గట్టివి కావు, కనీసం ఒక రకంలో. అక్యుటిరామస్ అని రెండు మీటర్ల మనిషి ఒకడున్నాడు. వాడి డెక్క బలం ఎంతో 2010లో లెక్కగట్టారు, ఐదు న్యూటన్లు దాటితే డెక్కే విరిగిపోతుందట. అరకిలో బరువు ఆపగలిగినంత. గట్టి పెంకున్న జీవిని పగలగొట్టడం దాని వల్ల కాదు, మెత్తటివాటిని చీల్చుకుని తినేదేమో. పైగా 2014లో దాని కళ్ళు పరిశీలిస్తే చూపు కూడా అంత చురుకైనది కాదని తేలింది. యేకెలోప్టెరస్ చూపు మాత్రం పదునైనదే. ఒకే కుటుంబంలో ఒకడు వేటగాడు, ఇంకొకడు మసక చీకట్లో తడుముకునేవాడు.


మైనపు పళ్ళెం:

ఇంకు మరక గారూ, ఎవరూ ఒప్పుకోని తప్పును ఒప్పుకున్నారు. ఆ పత్రికవాళ్ళు ఒప్పుకోరు లెండి.

విషం గురించి చెబుతానన్నాను. తేలు కొండిలో ఉబ్బుగా ఉండే ఉండలో రెండు విషగ్రంథులు, వాటి చుట్టూ కండ, ముల్లు కొన దగ్గర రెండు సన్నటి రంధ్రాలు ఉంటాయి. ల్యాబులో ఆ ఉండను రెండుగా కోసి చూపేవాణ్ణి, లోపల తెల్లటి రెండు సంచులు పక్కపక్కనే కనబడేవి. యూరిప్టెరిడ్లలో చాలా వాటి తోకముల్లు బరిసెలానో, తెడ్డులానో ఉంటుంది, గ్రంథికి చోటే లేదు. కొన్నింటిది తేలు కొండిలా వంకర తిరిగి ఉంటుంది, కాబట్టి వాటికి విషం ఉండి ఉండవచ్చని కొందరు అన్నారు. రుజువు ఒక్కటీ లేదు. గులకరాయి గారూ, తేలన్నాక విషం ఉండాలన్నారు. అది తేలు కాదన్నాక?

ఆక్సిజన్ మాట కూడా అంత తేలికగా ఒప్పుకోను. గాలిలో ఆక్సిజన్ బాగా పెరిగిన కాలం యేకెలోప్టెరస్ పోయిన ఎన్నో కోట్ల ఏళ్ళకు వచ్చింది. వాటి పొడవుకు కారణం వెతకాలంటే పోటీ ఎవరితో, తిండి ఏమిటి, పెంకు ఎంత పలచన, ఇవి చూడాలి. పలచటి పెంకు అంటే కుబుసం విడిచేటప్పుడు ఖర్చు తక్కువ. నీళ్ళలో బరువు తెలియదు. నేల మీద రెండున్నర మీటర్ల పెంకుజీవి కుబుసం విడిచి మెత్తగా ఉన్న గంటల్లో తన బరువు తానే మోయలేక కూలబడుతుంది. పెద్ద తేళ్ళు అసలు లేవని కాదు. సుమారు 33 కోట్ల ఏళ్ళ కిందట స్కాట్లాండ్‌లో పల్మనోస్కార్పియస్ అనే నిజమైన తేలు ఉండేది, 70 సెంటీమీటర్లు. అది నేల మీదిదే, పుస్తకాకార ఊపిరితిత్తులతో గాలి పీల్చింది. ఇప్పుడున్న పెద్ద మండ్రగబ్బలు ఇరవై సెంటీమీటర్లు దాటితే గొప్ప.

అన్నట్టు, యూరిప్టెరిడ్లు ఒడ్డెక్కలేదని అనుకోకండి. గులకరాయి గారు సగం గెలిచారు ఇక్కడ. స్కాట్లాండ్‌లోనే ఇసుకరాయి మీద ఆరు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు అడుగుల బాట దొరికింది. 2005లో మార్టిన్ వైట్ దాన్ని వర్ణించాడు. హిబ్బర్టోప్టెరస్ అనే 1.6 మీటర్ల యూరిప్టెరిడ్ నీటి బయట, తోకను నేలకు ఈడ్చుకుంటూ, కుంటుతున్నట్టు నడిచిన జాడ అది. నడుమ గాడి, ఇరువైపులా అడుగులు. ఇంకొకటి, 2020లో అడెలోఫ్తాల్మస్ అనే చిన్న రకాన్ని స్కాన్ చేసి చూస్తే మొప్పల పలకల మధ్య సన్నటి స్తంభాలు కనిపించాయి. నీటి బయట పలకలు ఒకదానికొకటి అంటుకుపోకుండా ఉండటానికి అవి. ఇప్పటి తేళ్ళు, సాలీళ్ళ ఊపిరితిత్తుల్లోనూ అటువంటివే ఉంటాయి. అంటే గాలి పీల్చగలిగేవి. ఒడ్డుకు వచ్చాయి, తిరిగి వెళ్ళాయి, ఇల్లు మాత్రం కట్టుకోలేదు.

తెడ్డున్న పెద్దవి డెవోనియన్ యుగం చివరికి, అంటే సుమారు 36 కోట్ల ఏళ్ళ కిందటికి, చాలా వరకు పోయాయి. నడిచేవి కొన్ని పెర్మియన్ యుగం చివరిదాకా, అంటే సుమారు 25.2 కోట్ల ఏళ్ళ కిందటి మహా వినాశనం దాకా ఈడ్చుకొచ్చాయి. మొదటిది 46.7 కోట్ల ఏళ్ళ కిందటిది. తీసేసి చూడండి, ఇరవై కోట్ల ఏళ్ళ పైచిలుకు. తేళ్ళు మాత్రం ఇంకా మన చెప్పుల్లోనే ఉన్నాయి.


గులకరాయి:

సగం గెలుపు చాలు. సాలీడు ఇంటి మనిషి అన్న మాట మాత్రం ఇంకా మింగుడు పడటం లేదు. చదువుతాను.


ఇద్దరు పిల్లల తండ్రి:

అందరికీ కృతజ్ఞతలు. అట్టముక్క ప్రయోగం బాత్రూములో జరిగింది, గోడలన్నీ తడిసిపోయాయి, ఫలితం మాత్రం ఇంకు మరక గారు చెప్పినట్టే వచ్చింది.

గోడ మీది పాత బొమ్మ చించేసి కొత్తది అంటించింది. ఈసారి యూరిప్టెరస్, జానెడంత, లేత గోధుమ రంగు. తోక చదునుగా ఉంది, ఎర్ర కొండి లేదు, వెనక రెండు తెడ్లు ఉన్నాయి. చేప మాత్రం అదే చేప, ఇప్పుడు నవ్వుతోంది. నేను మైనపు పళ్ళెం గారి పాఠం గుర్తుపెట్టుకుని జతలు లెక్కపెట్టాను. ఐదే వచ్చాయి. "దొరికావు, ఆరు ఉండాలి" అన్నాను. నన్ను జాలిగా చూసింది. "దీనికి నోటి పటకార్లు చిన్నవి నాన్నా, తల కింద ఉంటాయి. నేను పైనుంచి గీశాను" అంది.